తెవికీ శిక్షణలో అందరికీ ఒకే బ్రౌజర్ పెట్టాలా? క్రోమా, ఫైర్‌ఫాక్సా?

ల్యాబ్‌మాస్టారు
వచ్చే నెల మా డిగ్రీ కాలేజీలో రెండు రోజులు తెలుగు వికీపీడియా శిక్షణ పెడుతున్నాం. పిల్లలు ఎవరి ఊరి పేజీ వాళ్లు దిద్దాలని ప్లాను. ఊళ్ల పేజీలు చాలావరకు 2011 జనగణన లెక్కలతో నిండినవే కాబట్టి చేతినిండా పని ఉంటుంది. ల్యాబ్‌లో సగం మెషీన్లు విండోస్ 7, మిగతావి 10. కొన్నింట్లో క్రోమ్, కొన్నింట్లో ఎడ్జ్. తెర మీద నేను చూపించేది ఒకటి, పిల్లలకు కనిపించేది ఇంకొకటి అయితే క్లాసు సాగదు. అందుకని అన్నింట్లో ఫైర్‌ఫాక్స్ వేయించి, అదే వాడాలని రూల్ పెడదామనుకుంటున్నా. మా సహోద్యోగి మాత్రం క్రోమే అంటున్నారు. ఏది మంచిదో కారణాలతో చెప్పండి. అభిమాన సంఘాల గొడవ వద్దు.

కృష్ణలంక_కుర్రోడు
క్రోమ్, సార్. ఇందులో చర్చ ఏముంది? పిల్లల ఫోన్లలో ఉన్నది అదే, అలవాటైంది అదే. ఉన్న రెండు రోజుల్లో వికీ నేర్పాలా, కొత్త బ్రౌజర్ నేర్పాలా? పైగా ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే వికీ లిప్యంతరీకరణ కీబోర్డు పేజీలోనే ఉంటుంది. రాసే పెట్టెలో కర్సర్ పెట్టి కంట్రోల్, ఎమ్ కలిపి నొక్కితే తెలుగు వస్తుంది, మళ్లీ నొక్కితే ఇంగ్లిష్. అది ఏ బ్రౌజర్లోనైనా ఒకేలా పనిచేస్తుంది.

పాతచింతకాయ
తమ్ముడూ, కీబోర్డు వరకు నువ్వన్నది నిజమే. కంటి సంగతో? పేజీని వికీ కోడ్‌తో సహా చూపించే సోర్స్ ఎడిటర్ తెరిస్తే రాసే పెట్టెలో తెలుగు అక్షరాలు చిన్నగా, ఇరుగ్గా కనిపిస్తాయి. ఆ పెట్టె మామూలుగా మోనోస్పేస్ (అక్షరాలన్నీ ఒకే వెడల్పు) ఫాంటు అడుగుతుంది, తెలుగులో అలాంటివి లేనట్టే. ఒత్తు ఏదో, గుడి ఏదో, దీర్ఘం పడిందో లేదో ముక్కు తెరకు ఆనించి చూసుకోవాలి. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫాంట్స్ దగ్గర అడ్వాన్స్‌డ్ నొక్కండి. అక్కడ భాషల జాబితాలో తెలుగు విడిగా ఉంటుంది. ఒక్క తెలుగుకే మండలి ఫాంటు గానీ నోటో సాన్స్ గానీ పెట్టుకోవచ్చు, సైజు పెంచుకోవచ్చు, ఇంగ్లిష్ ముట్టుకోనక్కర్లేదు. మోనోస్పేస్ అన్న గడిలో కూడా అదే ఫాంటు పెట్టడం మరవొద్దు, రాసే పెట్టెకు వర్తించేది అదే. క్రోమ్ మామూలు సెట్టింగ్స్‌లో భాషకో ఫాంటు పెట్టుకునే వీలు లేదు.

మా తరానికి ఫైర్‌ఫాక్స్ మీద మమకారం ఊరికే రాలేదు లెండి. అప్పట్లో ఈనాడు సైటు యూనికోడ్‌లో ఉండేది కాదు. పద్మ అనే యాడాన్ (బ్రౌజర్‌కి తగిలించే అదనపు ప్రోగ్రాం) వేసుకుంటేనే అందులో వార్త కాపీ చేస్తే తెలుగు తెలుగులా వచ్చేది. 2017లో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి పాత యాడాన్లన్నింటినీ తుడిచిపెట్టింది, అది వేరే ఏడుపు.

కృష్ణలంక_కుర్రోడు
అన్నా, ఫాంటు కోసం బ్రౌజరే మార్చాలా? వికీ అభిరుచుల్లో (ఖాతా సెట్టింగ్స్) దిద్దుబాటు ట్యాబ్‌లో రాసే పెట్టె ఫాంటు శైలి అని ఉంటుంది. మోనోస్పేస్ తీసేసి సాన్స్ సెరిఫ్ పెడితే సగం బాధ పోతుంది. అది ఖాతాకి అంటుకుని ఉంటుంది కాబట్టి ఇంట్లో కూర్చున్నా పనిచేస్తుంది. మీరు చెప్పినట్టు చేస్తే మాస్టారు ఒక్కో మెషీన్ దగ్గరా కూర్చుని ఫాంటు మార్చాలి.

పాతచింతకాయ
సగం అని నువ్వే అన్నావుగా. విండోస్ 7లో గౌతమి ఫాంటుతో గంటసేపు దిద్దుబాట్లు చేసి, అప్పుడు వచ్చి మాట్లాడు.

ఓరుగల్లు_వాడుకరి
ఇద్దరూ అసలు సంగతి వదిలేసి ఫాంటు పట్టుకున్నారు. మాస్టారూ, మీ సగం మెషీన్లు విండోస్ 7 అన్నారు కదా. దానికి దొరికే ఆఖరి క్రోమ్ 109, అంటే 2023 జనవరిది. ఎడ్జ్ కూడా అక్కడే ఆగిపోయింది, రెండూ ఒకే ఇంజిన్ కాబట్టి. ఫైర్‌ఫాక్స్‌లో 115 ఈఎస్ఆర్ అనే, ఎక్కువ కాలం మద్దతుండే వెర్షన్‌కి ఆ తర్వాత కూడా గడువు పొడిగిస్తూ భద్రతా అప్‌డేట్లు ఇచ్చారు. క్రోమ్ 109లో వికీ దిద్దడానికి వెంటనే వచ్చే అడ్డేమీ లేదు, కోడ్ కనపడకుండా దిద్దే విజువల్ ఎడిటర్ కూడా నడుస్తుంది. కానీ పిల్లలు పాస్‌వర్డులు కొట్టే చోట ఆగిపోయిన బ్రౌజర్ ఎందుకు? విండోస్ 7 వాటిల్లో ఫైర్‌ఫాక్స్ వేయండి, విండోస్ 10 వాటిల్లో ఏదుంటే అది. నా మాట ఇంతే.

గోదారిగట్టు
నేను రోజూ ఇటీవలి మార్పులు (ఎవరు ఏం దిద్దారో చూపే పేజీ) చూస్తుంటాను కాబట్టి ఇంకో వైపు నుంచి చెప్తా. కొత్తవాళ్ల దిద్దుబాట్లలో ఒక రకం చెత్త అస్తమానం కనిపించేది. వాక్యం మధ్యలో ఎక్కడో ఫాంట్ అనే ట్యాగు, దాని లోపల వెర్టికల్ అలైన్ ఇన్‌హెరిట్ అని. ఒక్క పేరాలో నాలుగైదు చోట్ల. అది రాసినవాళ్లు పెట్టింది కాదు. క్రోమ్‌లో ఈ పేజీని అనువదించాలా అని అడిగితే సరే అని నొక్కి, అలాగే విజువల్ ఎడిటర్లో దిద్ది ప్రచురిస్తే, అనువాదం కోసం బ్రౌజర్ చొప్పించిన ట్యాగులు కూడా పేజీలోకి ఎక్కేసేవి. పాపం వాళ్లు మార్చింది ఊరి పేరులో ఒక్క అక్షరం, తేడా తెరిచి చూస్తే పేరా అంతా రంగు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ దిద్దే ఎక్స్‌టెన్షన్లూ ఇలాంటి నిర్వాకాలే చేశాయి.

కాబట్టి క్రోమే వాడినా ఆటో అనువాదం ఆపేయించండి. ఎక్స్‌టెన్షన్లు ఏమీ లేకుండా చూడండి. అతిథి మోడ్‌లో తెరిస్తే ఎక్స్‌టెన్షన్ల బెడద ఎలాగూ ఉండదు.

డాలస్_తెలుగమ్మాయి
గోదారిగట్టు గారూ, అతిథి మోడ్ అనే ముందు ఇంకొకటి చూడాలి. సోర్స్ ఎడిటర్లో ప్రచురించకుండా వదిలేసిన రాతను తిరిగి తెచ్చే ఎడిట్ రికవరీ అనే సదుపాయం ఉంది, అభిరుచుల్లో ఆన్ చేసుకోవాలి. అది రాతను సర్వర్లో కాదు, ఆ బ్రౌజర్లోనే దాచుకుంటుంది. అతిథి మోడ్ గానీ ప్రైవేట్ విండో గానీ మూస్తే దాచుకున్నదంతా పోతుంది. ల్యాబుల్లో రీస్టార్ట్ చేయగానే మెషీన్‌ని పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ పెడుతుంటారు, అదుంటే మామూలు విండోలోనూ దక్కదు. కరెంటు పోతే గంట పని గోవిందా. ఏ బ్రౌజరైనా ఇంతే.

పిల్లలకు మొదటి గంటలోనే సాధన కోసం ఉండే ప్రయోగశాల పేజీ చూపించి, నాలుగు వాక్యాలకోసారి ప్రచురించమనండి. ప్రచురించింది చరిత్రలో ఉంటుంది, ఎక్కడికీ పోదు.

కృష్ణలంక_కుర్రోడు
నాలుగు వాక్యాలకోసారి ప్రచురిస్తే ఇటీవలి మార్పులు నింపేస్తున్నారని రచ్చబండలో (వికీ చర్చావేదిక) పంచాయితీ పెడతారండీ 😄

గోదారిగట్టు
ప్రయోగశాలలో ఎన్నిసార్లు ప్రచురించుకున్నా ఎవరూ ఏమీ అనరు బాబూ. మునుజూపు (ప్రివ్యూ) చూడకుండా నేరుగా వ్యాసంలో మూసలు (టెంప్లేట్లు) విరగ్గొడితేనే పంచాయితీ.

పాతచింతకాయ
ఇంకో చిన్న విషయం. అడ్రస్ బార్‌లోంచి తెలుగు పేజీ లింకు కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. తెలుగు అనే మాటకి యూనికోడ్‌లో ఆరు గుర్తులు, ఒక్కోటీ లింకులో తొమ్మిది క్యారెక్టర్లు అవుతుంది. ఆ ఒక్క మాటే 54. ఇక తూర్పు గోదావరి జిల్లా గ్రామాల జాబితా లాంటి పేరైతే మెసేజ్ నిండా శాతం గుర్తులే. ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్ కాన్ఫిగ్ అనే లోపలి సెట్టింగ్స్ పేజీలోకి వెళ్లి డీకోడ్ యూఆర్ఎల్స్ ఆన్ కాపీ అన్నది ట్రూ చేస్తే లింకు తెలుగులోనే వస్తుంది. క్రోమ్‌లో మొదటి అక్షరం వదిలి మిగతాది సెలెక్ట్ చేసి, అతికించాక ఆ అక్షరం చేత్తో చేర్చుకోవాలి. ఎందుకొచ్చిన కుస్తీ?

ఓరుగల్లు_వాడుకరి
దీనికోసం అబౌట్ కాన్ఫిగ్‌లోకి డిగ్రీ ఫస్టియర్ పిల్లల్ని తోలుతారా? ఆ పేజీ తెరవగానే జాగ్రత్త అని హెచ్చరిక వస్తుంది, సగం మంది అక్కడే భయపడతారు. సరదా ఉంటే మాస్టారు ఒక్కరు చేసుకుంటే చాలు.

సెల్లే_లోకం
ఇంత పెద్ద చర్చలో ఫోన్ మాటే లేదు. శిక్షణ అయ్యాక ఆ పిల్లలు ఇంటికెళ్లి దిద్దేది ఫోన్లోనే. ఆండ్రాయిడ్‌లో క్రోమ్‌కీ ఫైర్‌ఫాక్స్‌కీ దిద్దుబాటులో నాకు పెద్ద తేడా కనిపించలేదు, తెలుగు ఎలాగూ ఫోన్ కీబోర్డే ఇస్తుంది. ఒకప్పుడు ఒపెరా మినీలో సెట్టింగ్ మార్చి తెలుగును బొమ్మల రూపంలో చదువుకున్నవాళ్లం, ఇప్పుడు ఫోన్లో వ్యాసం రాసేస్తున్నాం. రెండో రోజు మధ్యాహ్నం కంప్యూటర్లు కట్టేసి ఫోన్లు తీయించండి. ఆ పూట రూల్ పెట్టినా ఎవరూ వినరు.

డాలస్_తెలుగమ్మాయి
అవును. ఫొటోలు ఉండేది కూడా ఫోన్లోనే కదా, ఊరి గుడి, చెరువు. అవి కామన్స్‌లోకి (వికీ ఫొటోల సైటు) ఎక్కించేటప్పుడు ఒకప్పుడు పెద్ద తలనొప్పి. తెవికీలో లాగిన్ అయి ఉన్నా కామన్స్‌లో మళ్లీ లాగిన్ అడిగేది. ఫైర్‌ఫాక్స్, సఫారీ ఇతర సైట్ల కుకీలను కట్టడి చేయడం దానికి ఒక కారణం. 2025లో వికీమీడియా అన్ని ప్రాజెక్టుల లాగిన్‌నూ ఒకే డొమైన్ మీదికి తెచ్చింది, అదీ ఈ కుకీల గొడవ వల్లే. ఫైర్‌ఫాక్స్ వద్దనడానికి పాత చర్చల్లో కనిపించే ఆ కారణాన్ని ఇప్పుడు పట్టించుకోనక్కర్లేదు.

ల్యాబ్‌మాస్టారు
అందరికీ ధన్యవాదాలు. విండోస్ 7 వాటిల్లో ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ వేయిస్తా. 10 వాటిల్లో ఉన్న క్రోమే ఉంచి, అనువాదం ఆపేస్తా. నేను తెర మీద చూపించేది మాత్రం ఫైర్‌ఫాక్స్‌లోనే, పాతచింతకాయ గారి ఫాంటుతో. వెనక బెంచీ వాళ్లకూ ఒత్తులు కనపడాలి కదా. రూల్ ఆలోచన మానేశా.

పాతచింతకాయ
సగం గెలిచాను. మిగతా సగం రెండో రోజుకి మీకే తెలుస్తుంది మాస్టారూ.

గోదారిగట్టు
బ్రౌజర్ తేలింది కానీ మాస్టారూ, ఖాతాల సంగతి చూశారా? ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి రోజుకు ఆరు ఖాతాలే తెరవనిస్తుంది వికీ. ఏడో పిల్లాడి దగ్గర మీ క్లాసు ఆగిపోతుంది. పిల్లల్ని ముందురోజే ఇంటి దగ్గర, ఎవరి ఫోన్ డేటాతో వాళ్లు ఖాతా తెరుచుకుని రమ్మనండి. లేదంటే శిక్షణ తేదీ, కాలేజీ ఐపీ చిరునామా ఇచ్చి ఆ పరిమితి ఎత్తేయమని ముందే అడగాలి. ఆ పని జరగడానికి కొన్ని రోజులు పడుతుంది, ఇవాళే రచ్చబండలో రాయండి.