ఏఐ మీద సెల్ గ్రూప్ స్టడీ: ప్రశ్నలు ఏఐతో రాయించవచ్చా?

సెల్‌లీడర్:
అందరికీ వందనాలు. మా సెల్ గ్రూప్‌లో (సంఘంలో కలిసి బైబిలు చదివే చిన్న బృందం) నాలుగు వారాలు ఏఐ మీద స్టడీ నడపమన్నారు. మొదటి వారం ఆదికాండము 1:27, దేవుని స్వరూపం. తర్వాత నిర్గమకాండము 31లో బెసలేలు, చేతిపని కూడా దేవుడిచ్చిన వరమేనని. మూడోది కీర్తన 115, నాలుగోది ఉద్యోగాలు. చర్చా ప్రశ్నలు ఏఐతో రాయించి, నేను దిద్దాను. ఇంకేమైనా చేర్చాలా?

బెరయవాసి:
ఆగండి. ప్రశ్నలు ఏఐ రాసిందా? కీర్తన 115లో విగ్రహాలకు నోరుండీ పలకవు. ఇది పలుకుతుంది కాబట్టి ఇంకా ప్రమాదం. బెరయ పట్టణం వాళ్లు పౌలు బోధ విని లేఖనాలను స్వయంగా పరిశోధించారు (అపొ. కార్య. 17:11), ఎవరితోనో చేయించుకోలేదు.

కోడర్‌తమ్ముడు:
బ్రదర్, మీరు కాంకార్డెన్స్ (బైబిలు పదసూచిక) వాడరా? వ్యాఖ్యాన గ్రంథాలు తిరగేయరా? సంఘాలు ఈ విషయం ఎప్పుడో మొదలుపెట్టాయి. అమెరికాలో సదరన్ బాప్టిస్టుల నైతిక విభాగం 2019లోనే ఏఐ మీద ప్రకటన తెచ్చింది. వాటికన్ 2025 జనవరిలో ఏఐ మీదే ‘అంతీక్వా ఎత్ నోవా’ అనే పత్రం విడుదల చేసింది. సెల్‌లీడర్ గారూ, ఆ రెండూ చదివించండి, బోలెడు చర్చ వస్తుంది.

బెరయవాసి:
నేనడిగింది ప్రకటనల గురించి కాదు. ప్రశ్నలు ఎవరు రాశారని.

నిరీక్షణ:
మా పాత లీడర్ యోబు గ్రంథం నుంచి అంటూ ఏఐ ఇచ్చిన ఒక వచనం చదివారు. అందరం బైబిళ్లు తిరగేశాం. ఆ అధ్యాయంలో అన్ని వచనాలే లేవు!

కోడర్‌తమ్ముడు:
అది పుస్తకం తెరిచి చూసి చెప్పదు సిస్టర్. ముందున్న మాటల తర్వాత ఏ మాట కుదురుతుందో అంచనా కట్టి రాస్తుంది. అందుకే వచనంలా వినిపించేది వస్తుంది. సరిచూసుకోవడం లీడర్ పని. తప్పు మిషన్‌ది కాదు.

మూగశ్రోత:
జర్మనీలోని ఫ్యూర్త్‌లో 2023లో ఆరాధన దాదాపు మొత్తం చాట్‌జీపీటీతో రాయించి, తెర మీది బొమ్మలతో నడిపించారు. దాని గురించీ మాట్లాడండి.

నిరీక్షణ:
తప్పు మిషన్‌ది కాదట! అయితే ఇదీ వినండి. మా ఇంట్లో జబ్బు గురించి గ్రూప్‌లో ఏడుస్తూ చెప్పుకున్నాను. ఆ రాత్రి ఆ లీడర్ పంపిన ప్రార్థన అచ్చు కరపత్రంలా ఉంది. పైన “తప్పకుండా, ఇదిగో మీరు అడిగిన ప్రార్థన” అన్న లైను కూడా తీసేయలేదు. నా గోడు తీసుకెళ్లి ఎందులోనో టైప్ చేశారు, నన్నొక మాట అడగకుండా.

బెరయవాసి:
నేను మొదటి నుంచీ చెప్తున్నది ఇదే.

కోడర్‌తమ్ముడు:
మీరు చెప్పింది ఇది కాదు, మీకు ఏఐ అంటేనే పడదు. సిస్టర్‌కు జరిగింది ఘోరం, ఒప్పుకుంటాను. కానీ నా సంగతి కూడా వినండి. మంచివాళ్లకు బాధలెందుకని గ్రూప్‌లో అడిగినప్పుడల్లా “ప్రార్థన చెయ్యి తమ్ముడూ” అని నోరు మూయించారు. చాట్‌బాట్ విసుక్కోలేదు. మీలాంటి పెద్దలు వినుంటే రాత్రిపూట దాన్ని ఎందుకు అడుగుతాను?

బెరయవాసి:
పెద్దలను అవమానించకండి. విశ్వాసం ఉన్నవాడికి అన్ని ప్రశ్నలు ఉండవు.

నిరీక్షణ:
అదిగో, మళ్లీ అదే మాట. తమ్ముడూ, నీకూ నాకూ గొడవ లేదు. ఇద్దరం మనిషి కోసమే వెళ్లాం, దొరకలేదు.

మూగశ్రోత:
👆

సెల్‌లీడర్:
అయితే నాలుగో వారం ఉద్యోగాలు తీసేసి రోమా 12:15 పెడతాను, ఏడ్చేవారితో ఏడవడం. గ్రూప్‌లో చెప్పుకున్న ప్రార్థనాంశాలు ఎవరూ ఏ యాప్‌లోనూ పెట్టకూడదని మొదటి రోజే చెప్తాను. ప్రశ్నలు మాత్రం అవే ఉంటాయి.

కోడర్‌తమ్ముడు:
ఉద్యోగాలు తీసేయకండి, మా టీమ్‌లో అందరికీ అదే టెన్షన్. కీర్తన 115 తీసేయండి.

బెరయవాసి:
అది తీస్తే నేను ఒప్పుకోను.