ఆరుతడి వరిలో మీథేన్ కొలత: సున్నా నిమిషం నమూనాలోనే ఎక్కువ ఎందుకు?

మధ్యమధ్య ఆరబెట్టి మళ్లీ నీళ్లు పెట్టే వరి పొలంలో మీథేన్ కొలిచే అనుభవం ఉన్నవాళ్లు ఈ చిక్కు విప్పగలరా? మొక్కల మీద బోర్లించి లేచే వాయువును పట్టే అక్రిలిక్ పెట్టె 50 సెం.మీ. పొడవు, అంతే వెడల్పు, 100 సెం.మీ. ఎత్తు, లోపల చిన్న ఫ్యాను, థర్మామీటరు. అడుగు చట్రాన్ని నాట్లప్పుడే 10 సెం.మీ. లోతుకు దింపాం. పెట్టె దిగే గాడిలో నీళ్లు పోసి గాలి పోకుండా చేస్తున్నాం. ఉదయం 9–11 మధ్య 0, 10, 20, 30 నిమిషాలకు సిరంజితో గాలి తీస్తే, సున్నా నిమిషం నమూనాలోనే మీథేన్ అన్నిటికంటే ఎక్కువ. నిమిషాలతో పాటు మీథేన్ పెరగాల్సిన గీత తిన్నగా రావడం లేదు. బురదలో కాలు పడితే బుడగలు లేస్తాయని చెక్క పలక వేశాం. అయినా నాలుగు కొలతల్లో ఒకటి ఇలాగే. పలక కాళ్లు చట్రానికి ఎంత దూరంలో ఉండాలి? ఆ కొలత తీసేయాలా? బుడగల్లో కొన్ని సహజంగా లేచినవే అయితే, తీసేసినప్పుడు మొత్తం ఉద్గారం తక్కువగా తేలుతుంది.

ఇంకొకటి. యూరియా చల్లాక నైట్రస్ ఆక్సైడ్ కొద్ది రోజులే ఎగుస్తుంది, వారానికోసారి కొలిస్తే దొరకదు. భూమిని వేడెక్కించడంలో, 100 ఏళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు, మీథేన్ 27 రెట్లే. చల్లాక ఎన్ని రోజులు వరసగా తీయాలి?

మడి ఆరితే గింజలో ఆర్సెనిక్ తగ్గి, కాడ్మియం పెరగొచ్చు. తినేవాళ్ల ఆరోగ్యం వదిలేసి వాయువులే లెక్కిస్తే సరిపోదు. గింజ నమూనా చట్రంలోంచే కోయాలా, బయటి నుంచా?