ఫార్వర్డ్ 50లోకి (ప్రత్యర్థి గోల్ ముందున్న 50 మీటర్ల గీత లోపలికి) బంతి చేరుతోంది, గోల్స్ మాత్రం రావడం లేదు: ఏం మార్చాలి?

పశ్చిమ_మెల్‌బోర్న్ (ప్రశ్న):
నమస్కారం. మెల్‌బోర్న్ పశ్చిమ శివార్లలో మా అబ్బాయి ఆడే అండర్-16 ఆస్ట్రేలియన్ రూల్స్ జట్టుకు సహాయ కోచ్‌గా ఉన్నాను. మిడ్‌ఫీల్డ్‌లో మా పిల్లలు బంతిని బాగానే గెలుస్తున్నారు. అయితే మార్క్ (కిక్ చేసిన బంతిని గాల్లోనే పట్టడం, అలా పట్టినవాడికి అడ్డు లేకుండా కొట్టే హక్కు వస్తుంది) పట్టిన ప్రతిసారీ ఆగి, వెనక్కి నడిచి, చివరికి బౌండరీ లైన్ వెంబడే దూరంగా కొడుతున్నారు. ఆ లోపు ప్రత్యర్థులు ముగ్గురు నలుగురు గోల్ ముందుకు చేరుకుని, ఎత్తుగా వచ్చే ఆ బంతిని తేలిగ్గా పట్టేస్తున్నారు. లోపం కిక్కింగ్‌లో ఉందా, ఆడే పద్ధతిలో ఉందా?

హాఫ్‌బ్యాక్_లైన్:
మీ వర్ణనను బట్టి చూస్తే, చివరి కిక్‌కు రెండు కిక్‌ల ముందే అవకాశం చేజారిపోతోంది. మార్క్ పట్టిన ఆటగాడు ఆగిన ఆ కొద్ది సెకన్లలోనే రక్షణ అంతా సర్దుకుంటుంది. ఈ ఆట అగ్రశ్రేణి లీగ్ అయిన ఏఎఫ్ఎల్‌లో 2021 నుంచి, బంతి పట్టిన చోట (మార్క్ దగ్గర) నిలబడ్డ ప్రత్యర్థి అంపైర్ 'ప్లే ఆన్' (ఆట కొనసాగించండి) అనేదాకా పక్కకు కదలకూడదు. మీ లీగ్‌లోనూ ఆ నియమం ఉంటే, వెనుక నుంచి పరుగెత్తుకొచ్చే సహచరుడికి హ్యాండ్‌బాల్ (పిడికిలితో కొట్టే పాస్) ఇచ్చి మైదానం మధ్యకు, అంటే కారిడార్‌లోకి, దారి తెరవడం చాలా సులువవుతుంది. అది కుదరనప్పుడు బంతిని అవతలి వింగ్‌కు, అంటే మైదానం అవతలి పక్కకు, స్విచ్ చేయించండి, కానీ నెమ్మదిగా చేసే స్విచ్ వల్ల ప్రయోజనం లేదు. మధ్యలో బంతి పోతే నేరుగా గోల్ పడుతుందన్న భయం పిల్లలకు ఉంటుంది. ఆ తప్పు చేసినవాణ్ని బెంచీకి పిలవకుండా ఉంటేనే వాళ్లు మళ్లీ ప్రయత్నిస్తారు.

జిలాంగ్_అభిమాని:
పై మాటతో ఏకీభవిస్తూనే, ఎన్నిసార్లు ఫార్వర్డ్ 50 లోపలికి వెళ్లామన్న లెక్కను మీరు కొంతకాలం పక్కన పెట్టాలని నా గట్టి అభిప్రాయం. అవకాశాలు ఎక్కువ వచ్చినంత మాత్రాన గెలవం: 2008 ఏఎఫ్ఎల్ గ్రాండ్ ఫైనల్‌లో మా జిలాంగ్ 11 గోల్స్ (ఒక్కోటి ఆరు పాయింట్లు), 23 బిహైండ్స్‌తో (గోల్ పక్కగా పోయినవి, ఒక్కోటి ఒక పాయింటు) 89 పాయింట్ల దగ్గర ఆగిపోతే, హాథోర్న్ 18 గోల్స్, 7 బిహైండ్స్‌తో 115 చేసి గెలిచింది. గోల్ ముందు ఖాళీ స్థలం ఉండాలంటే ఫార్వర్డ్‌లందరూ అక్కడే గుమికూడకూడదు. వాళ్లు పైకి, హాఫ్-ఫార్వర్డ్ (గోల్‌కూ మైదానం మధ్యకూ నడుమ ఉండే చోటు) దాకా వచ్చి, బంతి పట్టినవాడు తలెత్తి చూసిన క్షణంలోనే పక్కవాటుగా లీడ్ చేయాలి, అంటే బంతి అందుకోవడానికి ఖాళీ చోటుకు పరుగెత్తాలి. కిక్ చేసేవాడికి 50 మీటర్ల బలం అక్కర్లేదు. లీడ్ చేస్తున్నవాడి ఛాతీ ఎత్తున, 30 మీటర్ల తక్కువ ఎత్తు కిక్ చాలు.

పశ్చిమ_మెల్‌బోర్న్:
ధన్యవాదాలండీ. ఒక్క సందేహం: మా జట్టులో ఎత్తయిన ఫార్వర్డ్ ఒక్కడే ఉన్నాడు. పైగా ఇక్కడ జూలైలో మైదానాలు తడిసి ఉంటాయి, లీడ్‌కు కొట్టిన బంతి చేతుల్లోంచి జారిపోతోంది.

హాఫ్‌బ్యాక్_లైన్:
అలాంటి రోజున దూరంగా కొట్టడం తప్పు కాదు. బంతి కింద ఎవరూ లేకపోవడమే తప్పు. 2017లో ఏఎఫ్ఎల్ జట్టు రిచ్‌మండ్, జాక్ రివోల్ట్ ఒక్కడినే పొడవైన ఫార్వర్డ్‌గా పెట్టుకుని, అతని చుట్టూ డానియెల్ రియోలి, డాన్ బట్లర్, జేసన్ కస్టాన్యా వంటి చురుకైన చిన్న ఫార్వర్డ్‌లను నడిపి, గ్రాండ్ ఫైనల్‌లో అడిలైడ్‌ను 48 పాయింట్ల తేడాతో ఓడించింది. మీవాడి పని ప్రతి బంతినీ పట్టడం కాదు, ప్రత్యర్థిని పట్టనివ్వకుండా దాన్ని నేలకు దించడం. చిన్న ఫార్వర్డ్‌లు ఇద్దరు అతని ముందు, ఒకరు వెనుక ఉండాలి. బంతి దక్కకపోతే వెంటనే ట్యాకిల్‌కు వెళ్లాలి. సాధనలో నలుగురు ఫార్వర్డ్‌లను ఐదుగురు డిఫెండర్లతో ఆడించి, బంతిని 50 దాటి బయటకు పోనివ్వకుండా ఆపిన ప్రతిసారీ ఫార్వర్డ్‌లకు గోల్‌తో సమానంగా పాయింట్లు ఇవ్వండి.