సమస్య: బండి విరుగ నేల పంట పండె

నిర్వాహకుని మాట:

ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలూ మీరు రాసి, దీనికి అర్థం కుదిర్చి పూరించాలి.

బండి విరుగ నేల పంట పండె

ఒక్కటే షరతు. బండి ఆకాశంలోది కావాలి, అంటే రోహిణి. 27 నక్షత్రాలకూ మన పెద్దలు ఆకారాలు చెప్పారు: అశ్వినికి గుర్రపు ముఖం, కృత్తికకు మంగలికత్తి, రోహిణికి బండి, మృగశిరకు జింక తల, హస్తకు చెయ్యి, చిత్తకు ముత్యం, స్వాతికి పగడం, విశాఖకు తోరణం, మూలకు సింహం తోక, శ్రవణానికి మూడడుగులు. అభిజిత్తును కలిపి 28 చెప్పేవారు దానికి ముక్కోణం ఇచ్చారు. ఇంకో నక్షత్రం ఆకారాన్ని కూడా పద్యంలోకి తెస్తే మరీ మంచిది.

చలికాలం సాయంత్రాలు కృత్తికల గుంపు దగ్గరే రోహిణి కనబడుతుంది. ఐదు చుక్కలు, ఒక చివర ఎర్రగా మెరిసే పెద్ద చుక్క. కాడి దించి నేలకు ఆన్చిన బండిలా ఉంటుంది. ఒకసారి చూసి రాయండి, పద్యం తేడాగా వస్తుంది.

తెనాలి నుంచి:

రోహిణీ శకటము రూపుమాపెడు శని
దారి కడ్డు నిలిచె దశరథుండు;
తొలగి పోయె నతడు తోషించి నుతులకు;
బండి విరుగనేల? పంట పండె.

మాస్టారూ, "విరుగన్ + ఏల" అని విరిచాను. బండి విరగాల్సిన పనేముంది అని. సరిపోయిందా?

నిర్వాహకుడు:

సరిపోయింది. సమస్యలో దాచిన తాళం అదే, మొదటి పూరణలోనే తీశారు. శని రోహిణీ శకటాన్ని, అంటే ఆ బండిని, భేదిస్తే 12 ఏళ్ళు వానలుండవని పాతమాట. పద్మపురాణంలో ఆ కీడు తప్పించడానికే దశరథుడు రథమెక్కి నక్షత్రమండలానికి వెళతాడు. వరాహమిహిరుడు శనితోపాటు కుజుణ్ణీ చంద్రుణ్ణీ కూడా ఈ లెక్కలో చేర్చాడు. భేదం ఎప్పుడవుతుందో సూర్యసిద్ధాంతం కొలతతో చెప్పింది: వృషభంలో 17వ భాగంలో (భాగమంటే డిగ్రీ) ఉన్న గ్రహం దక్షిణంగా రెండు భాగాలకు మించి జరిగి ఉండాలి. శనికి ఒక చుట్టు తిరగడానికి సుమారు 29½ ఏళ్ళు. రోహిణిలోకి వచ్చిన ప్రతిసారీ బండి విరుగుతుందని భయపడాల్సిన పని లేదన్నమాట. మీ "విరుగనేల" అనే ప్రశ్నకు ఆ లెక్క కూడా బలమే.

ఒక్క సవరణ. కథలో శని ముందు మెచ్చింది దశరథుడి తెగువను. స్తోత్రం వరం దొరికాక వచ్చింది. "తోషించి తెగువకు" అంటే గణం (లఘుగురువుల లెక్క) చెడదు, కథా నిలుస్తుంది.

విజయనగరం నుంచి:

బండి చుక్కలోన బాలుడై జన్మించి
పాదమెత్తి తన్నె బండి నొకటి;
కంసు దూత కూలె కష్టముల్ తొలగెను;
బండి విరుగ, నేల పంట పండె.

కృష్ణుడు పుట్టింది రోహిణిలో కదా అని శకటాసురుణ్ణి తెచ్చాను. నేను పదం విరవలేదు, బండినే విరిచాను.

నిర్వాహకుడు:

ఊహ చాలా బాగుందమ్మా. మీరు అనుకున్నదానికన్నా లోతుంది ఇందులో. భాగవతం దశమస్కంధంలో ఈ ఘట్టం పిల్లవాడి జన్మనక్షత్రం కూడిన నాడే జరుగుతుంది. యశోద వేడుక హడావిడిలో ఉంటుంది, పిల్లవాణ్ణి బండి కింద పడుకోబెడుతుంది, పాలకోసం ఏడుస్తూ కాళ్ళు ఝాడిస్తే బండి తిరగబడుతుంది. అంటే బండి ఆకారమున్న నక్షత్రం నాడే నేలమీది బండి విరిగింది! ఆ సంగతి పద్యంలో కనబడితే ఎంత బాగుండేదో.

మూడో పాదంలో రెండు లోపాలు. "కూలెన్ + కష్టముల్" సరళాదేశం (క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లు కావడం) వచ్చి "కూలెఁ గష్టముల్" కావాలి. అది చిన్నది. పెద్దది, "కష్టముల్ తొలగెను" అనేది పాదం నింపడానికి వచ్చిన మాట. బండి విరిగితే పంట ఎందుకు పండిందో చెప్పాల్సింది ఆ పాదమే.

విజయనగరం:

ఇది చూడండి.

కంసు దూత కూలఁ గాళింది యుప్పొంగె;
బండి విరుగ, నేల పంట పండె.

నిర్వాహకుడు:

కాళింది, అంటే యమున, పొంగింది. ఇప్పుడు నీళ్ళొచ్చాయి, పంటకు కారణం దొరికింది.

కరీంనగర్ నుంచి:

రోళ్ళు పగులగొట్టు రోహిణి ముగియగ
మృగశిరమున వాన మెండుకొనియె;
ఎండబండి సూర్యు డిరుసు జారగ దిగె;
బండి విరుగ నేల పంట పండె.

నేను పంచాంగం కాదు, కార్తెలు పట్టుకున్న.

జగిత్యాల నుంచి:

అన్నా, మేము మిరుగం అంటం. మిరుగంల వానపడితే దున్నుడు, విత్తనాలు ఏసుడు. పంట అప్పుడే ఎట్ల పండుతది? వరి చేతికి రావాలంటే ఇంకా నెలలు పడుతది. నేను రైతును, ఈ పద్యం సదివితే ఆడనే ఆగిన.

నిర్వాహకుడు:

రైతు అడిగిన ప్రశ్నకు పద్యం జవాబు చెప్పి తీరాలి. అయితే "నా పంట పండింది" అని మనం రోజూ అనేది ధాన్యం గురించి కాదు, అదృష్టం గురించి. మే నెలాఖరు నుంచి జూన్ మొదటివారం దాకా రోహిణి కార్తె. ఆ ఎండకు పగుళ్ళిచ్చిన నేలమీద తొలి వాన పడితే "నేల పంట పండింది" అనడం నూటికి నూరుపాళ్ళు చెల్లుతుంది.

ఇరుసు జారిన ఎండబండి ఈ సమస్యకు వచ్చిన మంచి ఊహల్లో ఒకటి. రోహిణి ఆకారం ఇక్కడ ఊరికే పేరుగా మిగలకుండా పని చేసింది. సూర్యుడు రోహిణిలో ఉన్నన్నాళ్ళూ ఆ బండి మీదే ఉన్నట్టు, కార్తె మారగానే దిగినట్టు. ఇక జింక తల కూడా వస్తే షరతు పూర్తిగా తీరుతుంది. రెండో పాదం ఇలా మార్చి చూడండి:

జింక తలను దాకి చినుకు రాలె

కరీంనగర్:

మస్తుంది సారూ. నా పాదం కన్నా ఇదే ఉంచుకుంట.

అమలాపురం నుంచి:

దక్షు శాపమొంది తరిగెను విధుడంత,
శివుని శిరము చేరి చెలువు మీరె;
ఓషధులకు నాథు డొప్పుగ వెలిగెను;
బండి విరుగనేల? పంట పండె.

మాది ద్రాక్షారామం దగ్గరండి. దక్షుడు యజ్ఞం చేసిన చోటని మా స్థలపురాణం. 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాల చొప్పున చుట్టుపక్కల ఊళ్ళలో 108 శివాలయాలు చెబుతారు. ఎవరి నక్షత్రపాదం గుడికి వాళ్ళు వెళ్ళి అభిషేకం చేయించుకుంటారు. అందుకే దక్షుడి దగ్గర మొదలుపెట్టానండి.

నిర్వాహకుడు:

నడక హాయిగా ఉంది, శి–చె యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత) కూడా చక్కగా కుదిరింది. విధుడు, అంటే చంద్రుడు, ఓషధులకు రాజు కనుక పంటకు కారణం కూడా ఉంది. కానీ బండి ఏదండీ? మూడు పాదాల్లో ఎక్కడా రోహిణి పేరు లేదు. నాలుగో పాదంలో బండి ఉన్నట్టుండి ఊడిపడింది. 27 మంది భార్యల్లో రోహిణి మీదే ప్రేమ చూపినందుకే కదా దక్షుడు శపించింది. ఆ కథకు ఇరుసే రోహిణి, దాన్నే వదిలేశారు.

ఆకాశంలోనూ ఈ జంట నిజంగానే దగ్గరవుతుంది. చంద్రుడి దారి సుమారు 18½ ఏళ్ళకోసారి తిరిగి అదే వాలుకు వస్తుంది. అప్పుడు కొన్నేళ్ళపాటు నెలనెలా రోహిణి తార మీదుగానే పోతాడు. 2015 నుంచి 2018 దాకా భూమ్మీద ఎక్కడో ఒకచోట వాళ్ళకు చంద్రుడు ఆ ఎర్ర చుక్కను కప్పి కనబడుతూనే ఉన్నాడు. ఆ రాక రాయండి.

అమలాపురం:

రోహిణి వలపునకు రూపేది విధుడంత,
శివుని శిరము చేరి చెలువు మీరె;
ఓషధులకు నాథు డొరయక సాగెను;
బండి విరుగనేల? పంట పండె.

దక్షుణ్ణి తీసేయడం కష్టంగానే ఉందండి, కానీ బండి వచ్చింది.

నిర్వాహకుడు:

"ఒరయక" అన్నమాటతో పద్యం నిలబడింది. తగలకుండా పోయాడు కాబట్టి విరగలేదు. దక్షుడి పేరు లేకపోయినా శాపం అందరికీ గుర్తొస్తుంది.

డల్లాస్ నుంచి:

మొదటి పద్యం, టెన్షన్‌గా ఉంది. తప్పులుంటే చెప్పండి గురువుగారూ.

చిత్త ముత్య మిచ్చె, స్వాతియు పగడాలు
తెచ్చి పోసె నంత తెగువ తోడ;
బరువు మోయలేక పడతి రోహిణి దైన
బండి విరుగ, నేల పంట పండె.

రోహిణి పెళ్ళికి అక్కచెల్లెళ్ళు సారె పెట్టినట్టు ఊహించాను. నగల బరువుకు బండి విరిగి, నేలమీద మణుల పంట.

నిర్వాహకుడు:

టెన్షన్ వదిలేయండి. ఇందరిలో ఎవరికీ తట్టని దారి మీకు తట్టింది. ఈ దారంతా ఆకారాలతోనే నడిచింది: ముత్యం చిత్త ఆకారం, పగడం స్వాతి ఆకారం, బండి రోహిణి ఆకారం. మూడూ ఒక్క కథలో ఇమిడాయి. పైగా స్వాతి చినుకు ముత్యమవుతుందన్నది మనందరి నోట ఉన్న మాట కాబట్టి చాలామంది ముత్యాన్ని స్వాతికే ఇచ్చేస్తారు. మీరు పొరపడలేదు.

గణాలు సరిపోయాయి. మొదటి పాదంలో యతి తప్పింది: చి–స్వా. చకార సకారాలకు మైత్రి ఉన్నా ఇకారానికి ఆకారంతో కుదరదు. రెండో పాదంలో "తెగువ తోడ" అతకలేదు, సారె పెట్టడానికి తెగువెందుకు? అక్కచెల్లెళ్ళ మధ్య ఉండే మాటేదో వెతకండి. మొదటి పాదం స్వాతితో ఎత్తుకుంటే యతి దానంతటదే వస్తుంది.

డల్లాస్:

స్వాతి పగడ మీయ, జక్కని ముత్యాలు
చిత్త తెచ్చి పెట్టె జెలిమి తోడ;
బరువు మోయలేక పడతి రోహిణి దైన
బండి విరుగ, నేల పంట పండె.

తెనాలి:

మూడో పాదం నాలుగోదాంట్లోకి జారిన తీరు చూడండి! "రోహిణి దైన బండి" అని సమస్యకు అతుకు కనబడకుండా కలిపారు. నా పూరణలో ఆ కలయిక లేదు.

నిర్వాహకుడు:

నా మనసులో మాట తెనాలి వారే అన్నారు. ఈ విడతలో నాకు బాగా నచ్చిన పూరణ డల్లాస్ వారిది, ఊహలో దాని పక్కనే కరీంనగర్ వారి ఎండబండి. విజయనగరం అమ్మా, జన్మనక్షత్రం నాటి శకటభంజనం మీరే మళ్ళీ రాయాలి, కందంలో అయినా సరే.

వచ్చే సమస్య కూడా ఆటవెలదే. హస్త ఆకారం చెయ్యి, అధిదేవత సవిత, అంటే సూర్యుడు. పొద్దునే లేచి రాసేవాళ్ళకు అనుకూలం.

హస్త లేని వాడు హారతిచ్చె