మా ఊరి సెంటర్ పాత ఫోటోలు దొరికాయి, ఏ కాలంవో తేల్చడానికి సాయం చేయండి

ఉలవపాడు అబ్బాయి:
తాతయ్య బీరువాలో నాలుగు నలుపు తెలుపు ఫోటోలు దొరికాయి, అగ్ఫా క్లిక్ త్రీ కెమెరాతో తీసిన నలుచదరం ఫోటోలు. కందుకూరు దగ్గర మా ఊరి సెంటర్. రావిచెట్టు, చుట్టూ రచ్చబండ, వెనకాల రామమందిరం, ముందు ఎడ్లు విప్పేసిన బండి. నిన్న అదే చోట నిలబడి ఫోన్‌లో తీశాను. పాత ఫోటోలో మందిరానికి ఐదు మెట్లున్నాయి, ఇప్పుడు రెండే. మిగతావి ఏమయ్యాయని అమ్మనడిగితే "రోడ్డు కింద ఉన్నాయిరా" అంది. పాతది తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు పోసుకుంటూ పోయారు. పక్కింటి వసారా ఇప్పుడు రోడ్డు కంటే పల్లంలో ఉంది, వానొస్తే చీపుర్లు పట్టుకుని కూర్చోవాలి. చెట్టయితే లేనే లేదు. ఈ ఫోటోలు ఏ సంవత్సరంవో ఎట్టా తెలుసుకోవాలి?

వింజమూరు వాసి:
తమ్ముడూ, మనుషుల్ని కాదు, వెనక గోడల్ని చూడు. ఏదైనా మోటారు బండి నంబరు ఏపీ 26 (నెల్లూరు) అనో ఏపీ 27 (ప్రకాశం) అనో ఉంటే 1989కి ముందుది కాదు. మా ఊరి ఫోటో ఒకదాంట్లో గోడ మీద సారా వద్దని సున్నంతో రాసుంది. దూబగుంట మాకు దగ్గరే, అక్కడి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించాక చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలాయి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధించారు. ఆ రాతను బట్టే మాది ఏ రోజులదో తెలిసింది. కరెంటు స్తంభం ఉందా లేదా కూడా చూడు.

ఒంగోలు అక్క:
ఆల్బంలో అతుక్కుని ఉంటే మాత్రం దయచేసి పీకొద్దు నాయనా. బంక పేజీల్లోంచి మా నాన్న ఫోటో తీయబోతే ముఖం సగం పేజీకే ఉండిపోయింది, ఈ రోజుకీ బాధే. పేజీతో సహా వసారా నీడలో పెట్టి, ఫ్లాష్ లేకుండా, ఫోన్ నిటారుగా పట్టుకుని తీయండి. విడిగా ఉన్నవాటి వెనక వైపు కూడా తీయండి, స్టూడియో ముద్రో పెన్సిల్ రాతో ఉంటుంది.

కనిగిరి కోడలు:
మెట్ల సంగతి చదివి మా అత్తగారింట్లో ఉన్న ఫోటో మళ్ళీ తీసి చూశాను. రచ్చబండ మీద అందరూ మగవాళ్ళే, ఆడవాళ్ళు ఓ మూల బావి దగ్గర బిందెలతో ఉన్నారు. మా వైపు ఫ్లోరైడ్, బోరు నీళ్ళు తాగితే పళ్ళు గారపడతాయి, కీళ్ళు బిగుసుకుపోతాయి, అందుకే ఊరంతటికీ ఆ మంచినీళ్ళ బావి ఒక్కటే దిక్కుగా ఉండేది. అత్తయ్య ఆ గుంపులో తనెక్కడుందో వేలు పెట్టి చూపించింది. ఆ బావి పూడ్చి మీద గది కట్టారు, ఇప్పుడు అందులోనే ఇరవై లీటర్ల క్యాన్లు అమ్ముతున్నారు. నాకైతే చెట్టు కంటే ఆ బావి పోవడమే పెద్ద నష్టం.

ఉలవపాడు అబ్బాయి:
దొరికింది! మూడో ఫోటో పెద్దది చేసి చూస్తే పంచాయతీ బోర్డు మీద "కందుకూరు తాలూకా, నెల్లూరు జిల్లా" అని ఉంది. మమ్మల్ని 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు కదా, అది చూసి ముందు తికమకపడ్డాను. కానీ తాలూకాలు 1985లోనే పోయి మండలాలొచ్చాయి. అంటే మా తాలూకాను నెల్లూరు నుంచి విడదీసి కొత్త ఒంగోలు జిల్లాలో (ఇప్పటి ప్రకాశం) కలిపిన 1970 ఫిబ్రవరికి ముందుదే.

వింజమూరు వాసి:
భలే పట్టావు. అయితే జిల్లా మారిన మర్నాడే బోర్డుకు కొత్త రంగు వేసుండరు, ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ అనుకో.

ఉలవపాడు అబ్బాయి:
నిజమే అన్నా, అట్టాగే రాసిపెడతా. ఫోటోలు ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చెట్టు కొట్టిన రోజు ఎవరైనా ఫోటో తీశారేమోనని అడిగితే ముగ్గురు పాత పెట్టెలు వెతుకుతామన్నారు. బండి పక్కన నిలబడ్డ కుర్రాడు తనేనని మెట్ల పక్కింటి తాత అంటున్నాడు, సాయంత్రం ఫోటో పట్టుకుని వాళ్ళింటికి పోతున్నా.