సోల్ లెవిట్ గోడ శిల్పం: కొనేముందు ఏమి చూసుకోవాలి?

ప్రశ్న

న్యూయార్క్‌లో ఒక గ్యాలరీ వారు అమెరికన్ కళాకారుడు సోల్ లెవిట్ గోడ శిల్పం ఒకటి అమ్మకానికి పెట్టారు. తెల్ల ఎనామిల్ పూసిన అల్యూమినియం చువ్వలతో గడులు గడులుగా కట్టి గోడకు బిగించే చట్రమది. రెండుసార్లు వెళ్లి చూశాను. దగ్గరగా నిలబడినా మూలల్లో అతుకు జాడ కనిపించలేదు. వెలుతురు పక్కనుంచి పడితే మాత్రం చువ్వల నీడలు వెనుక గోడ మీద మరో గడుల వరుసను గీస్తున్నాయి. నాకు ఎంతో నచ్చింది. అయితే అది ఆయన స్వయంగా చేసినది కాదట, కార్ఖానాలో చేయించినదట. అలాంటప్పుడు నేను డబ్బు పెట్టి కొంటున్నది దేనిని? పైగా కాగితాలు తరువాత పంపుతామంటున్నారు.

మొదటి సమాధానం

కార్ఖానాలో చేయించడం లోపం కాదండీ. కళాకారుడు ముందే అన్నీ నిర్ణయించుకుంటే తయారీ నామమాత్రపు పని అవుతుందని ఆయన 1967లో ఆర్ట్‌ఫోరమ్ పత్రికలోనే రాశారు. కాకపోతే ఆయన గోడ చిత్రాలనూ, తాను ‘స్ట్రక్చర్లు’ అని పిలిచిన ఈ శిల్పాలనూ కలిపి చూడకండి. 1968లో మొదలైన గోడ చిత్రాలను ఆయన సూచనల ప్రకారం ఇతరులు గీస్తారు, రంగు వేసి కప్పేస్తారు, మరో గోడ మీద మళ్లీ గీస్తారు. కాబట్టి అక్కడ కొన్నవారి దగ్గర మిగిలేది సర్టిఫికెట్టూ రేఖాపటమూ. మీరు చూసిన దానిలో వస్తువు కూడా ముఖ్యమే. అది ఎప్పుడు, ఎక్కడ తయారైంది, ఎవరెవరి చేతులు మారింది అన్న వివరాలు లిఖితపూర్వకంగా తీసుకుని, ఆయన ఎస్టేట్ వారిని, అంటే ఆయన మరణం తరువాత ఆ కృతుల వ్యవహారాలు చూసేవారిని, అడిగి సరిచూసుకోండి. అంతవరకు బయానా కూడా ఇవ్వకండి.

రెండవ సమాధానం

ఒక టేపు పట్టుకెళ్లండి. ఆయన తెల్ల నిర్మాణాలు చాలావాటిలో చువ్వ మందం ఒక వంతైతే, చువ్వల మధ్య ఖాళీ ఎనిమిదిన్నర వంతులు. నకలు చేసేవాడూ కొలవగలడు గనుక కొలత కుదిరినంత మాత్రాన అసలుదని తేలదు. కుదరకపోతే మాత్రం గట్టిగా ప్రశ్నించాలి. రంగు విషయంలో నేను ఇంకా పట్టుదలగా ఉంటాను. తొలి రోజుల్లో నలుపు వేసిన ఆయన 1960ల మధ్యలో తెలుపుకు మారారు, నలుపు మరీ భావావేశంగా తోస్తోందని. అంత ఆలోచించి ఎంచుకున్న తెలుపు పసుపు తిరిగినా, ఒక మూల పెచ్చు లేచినా రూపమే చెడుతుంది. మళ్లీ రంగు వేయించారా, వేయిస్తే ఎవరి అనుమతితో అన్నది తప్పక అడగండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు వెళ్లి కొలిచాను. చువ్వ ముప్పావు అంగుళం, ఖాళీ ఆరుంబావుకు పైన ఒక పిసరు, లెక్క సరిపోయింది. కింది ఎడమ మూలలో గోరంత మేర తెలుపు కొద్దిగా వేరుగా ఉంది. మళ్లీ రంగు వేశారా అంటే సూటిగా చెప్పలేకపోయారు. కాగితాలు నా చేతికి వచ్చేవరకు డబ్బు ఇవ్వనని చెప్పి వచ్చాను.