జర్మన్ బీ1 పరీక్ష పాసయ్యాను, లంచ్‌లో మాత్రం నోరు పెగలడం లేదు

కొత్తగా వచ్చినవాణ్ణి, స్టుట్‌గార్ట్:
అందరికీ నమస్తే. ఉద్యోగంలో చేరి కొద్ది వారాలే. కొలీగ్స్ "వీ ఫిండెస్ట్ దు దాస్?" (నీకెలా అనిపించింది?) అని అడుగుతారు. కోర్సులో బట్టీ పట్టిన "మైనర్ మైనుంగ్ నాఖ్" (నా అభిప్రాయం ప్రకారం) నేను మొదలుపెట్టేలోపే వాళ్ల టాపిక్ మారిపోతోంది. మామూలుగా ఏమంటారు?

ఎస్లింగెన్ నుంచి:
తమ్ముడూ, ఆ మైనుంగ్‌ని పరీక్షకీ మెయిళ్లకీ వదిలెయ్. భోజనాల దగ్గర "ఇష్ ఫిండె" చాలు. "ఇష్ ఫిండె, దాస్ ఇస్ట్ త్సు తొయర్" అంటే రేటు ఎక్కువనిపిస్తోంది అని. మధ్యలో "దస్" (మన "అని" లాంటిది) పెట్టావంటే క్రియ తెలుగులోలాగే చివరికి పోవాలి. పెట్టకపోయినా తప్పేం లేదు.

అసలు చిక్కు మన అలవాట్లతోనే. "అవునవును" అనే ఊపులో "యా యా" అనేస్తాం. వాళ్లకది "సర్లే, ఇక ఆపు" అన్నట్టు వినపడుతుంది. ఒప్పుకుంటే "గెనౌ" అను, లేదా "ష్టిమ్ట్". "ఏదైనా పర్లేదండీ" అనబోయి "మీర్ ఎగాల్" అనకు, నాకేం పట్టదన్నట్టుంటుంది. "మీర్ ఇస్ట్ బైదెస్ రెష్ట్" మర్యాదగా ఉంటుంది. ఇంకోటి, సినిమా బాలేదని ఎవరో అన్నారు, నీకు నచ్చింది అనుకో. "నైన్" అంటే నీకూ నచ్చనట్టే. అక్కడ "దోఖ్!" అనాలి.

న్యూరెంబెర్గ్ నుంచి:
అక్క చెప్పినవన్నీ కరెక్ట్. మెచ్చుకోలు సంగతి కూడా తెలుసుకో. ఇక్కడ ఫ్రాంకోనియాలో మేనేజర్ "పస్ట్ షోన్" (పర్లేదులే) అన్నాడంటే సంతోషించాల్సిందే. "నిష్ట్ ష్లెష్ట్" (చెడ్డగా ఏం లేదు) కూడా పొగడ్తే. మీ స్టుట్‌గార్ట్ వైపు ష్వాబెన్ వాళ్లకైతే సామెతే ఉంది: తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే. "ఇంటరెసాంట్" (ఆసక్తిగా ఉంది) అని ఊరుకుంటే మాత్రం అనుమానించు. నీకు నచ్చకపోతే "ఎర్లిష్ గెజాక్ట్, ఎయర్ నిష్ట్" (నిజం చెప్పాలంటే, అంతగా లేదు) అను, ఎవరూ నొచ్చుకోరు.

బెర్లిన్ నుంచి:
కుర్రాణ్ణి మరీ భయపెట్టకండి. ఇక్కడ "క్వాచ్" (అర్థంలేని మాట) అని మొహం మీదే అనేసుకుని, తర్వాత కలిసి కాఫీకి పోతారు. బాస్‌తో మాత్రం వద్దులే. ఎటూ తేల్చుకోలేకపోతే "కొమ్ట్ ద్రౌఫ్ ఆన్", సందర్భాన్ని బట్టి అని.

కొత్తగా వచ్చినవాణ్ణి, స్టుట్‌గార్ట్:
థాంక్స్ అక్కా, అన్నలూ. క్యాంటీన్‌లో లిన్జెన్ మిట్ ష్పెట్స్‌లె (గుడ్డు నూడుల్స్‌తో పప్పు) చప్పగా ఉందని చెప్పాలంటే?

ఎస్లింగెన్ నుంచి:
"దా ఫేల్ట్ వాస్", ఏదో తక్కువైందని అను. స్టుట్‌గార్ట్‌లో వాళ్ల సొంత వంటకం మీద అంతకుమించి నోరు జారకు.